టోర్నడో పోయిన మర్నాడు: ఇల్లు, వీధి, ఇరుగుపొరుగు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా వసంతం రాగానే డాలస్ చుట్టుపక్కల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో అవే ప్రశ్నలు మళ్ళీ మొదలవుతాయి. ఒకరు అడిగి, నలుగురు తలో జవాబూ చెప్పి, పైన పది పెళ్ళి శుభాకాంక్షలు పడేసరికి ఆ జవాబు ఎక్కడో మరుగున పడిపోతుంది. అందుకే అన్నీ ఒకచోట పెట్టాం.

మనకి తుఫాను తెలుసు. పేరు పెడతారు, రెండు మూడు రోజుల ముందే చెప్తారు, జిల్లాలకి జిల్లాలే తడుస్తాయి. టోర్నడో అలా కాదు. హెచ్చరికకీ దెబ్బకీ మధ్య చాలాసార్లు పది పదిహేను నిమిషాలే ఉంటాయి. పైగా అది సన్నటి దారి పట్టుకుని పోతుంది. 2019 అక్టోబరు 20 రాత్రి ఉత్తర డాలస్ మీదుగా వెళ్ళిన ఈఎఫ్‌-3 (టోర్నడో బలాన్ని చెప్పే 0 నుంచి 5 దాకా కొలత) టోర్నడో దాదాపు 15 మైళ్ళ పొడవున ఇళ్ళూ బళ్ళూ దుకాణాలూ చీల్చేసింది, అదృష్టం కొద్దీ ఒక్క ప్రాణం కూడా పోలేదు. కానీ ఆ దారికి రెండు వీధుల అవతల కాఫీ మెషిన్ మామూలుగానే పనిచేస్తోంది. ఇక్కడ సాయం మొదలయ్యేది ఆ చెక్కుచెదరని ఇళ్ళ నుంచే, అదీ నడిచి వచ్చేంత దూరంలో. ఈ పేజీ ఇల్లు పోయినవాళ్ళకి ఎంతో, ఇల్లు మిగిలినవాళ్ళకీ అంతే.

చట్టాల సంగతి వచ్చినచోట టెక్సస్ లెక్క చెప్పాం. వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి నిబంధనలు చూసుకోండి.

## మొదటి కొన్ని గంటలు

గాలి ఆగిపోయింది. బయటికొచ్చి పక్కింటివాళ్ళని చూడొచ్చా?

ముందు హెచ్చరిక ముగిసిందో లేదో ఫోన్లో చూడండి. ఒకటి పోయాక వెనకాలే ఇంకోటి వచ్చే రాత్రులుంటాయి. తర్వాత బూట్లు. చెప్పులతో గడప దాటొద్దు. రోడ్డంతా కప్పు మేకులు, గాజు పెంకులు ఉంటాయి, గాలి ఆగాక నడిచేటప్పుడు కూడా చాలామందికి గాయాలవుతాయి. ఫుల్ ప్యాంటు, టార్చిలైటు. కొవ్వొత్తి, అగ్గిపుల్ల వద్దు. తెగిపడ్డ తీగ ఏదైనా సరే కరెంటు ఉందనే అనుకుని కనీసం 35 అడుగుల దూరంలో ఆగిపోండి.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు, పసిపిల్లలున్న ఇల్లు, పిల్లలు బయటికెళ్తే ఇంట్లో ఇద్దరే ఉండిపోయిన ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు: ముందు ఈ తలుపులు తట్టండి. పేరు పెట్టి గట్టిగా పిలవండి, కాసేపు నోరు మూసుకుని వినండి. గోడ ఒరిగిన ఇంట్లోకి మాత్రం దూరొద్దు. 911కి చెప్పి, లోపల ఎంతమంది ఉండొచ్చో, ఏ గదిలో పడుకుంటారో వచ్చినవాళ్ళకి చెప్పండి. పక్కింటివాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియని సమాచారం అది.

గ్యాస్ వాసన వస్తోంది. మెయిన్ వాల్వ్ నేనే కట్టేయనా?

ముందు అందరూ బయటికి. స్విచ్చి వేయొద్దు, ఆపొద్దు, గ్యారేజ్ తలుపు బటన్ కూడా నొక్కొద్దు. దూరంగా వెళ్ళాకే ఫోన్ చేయండి, అటూ ఇటూ ఇళ్ళకి కూడా చెప్పండి. వాల్వ్ కట్టడం మీకు తెలిసి, అక్కడికి ప్రమాదం లేకుండా చేరగలిగితేనే కట్టండి. ఒకసారి కట్టాక మళ్ళీ తెరవాల్సింది గ్యాస్ కంపెనీవాళ్ళే.

చిన్న గాయమే, పసుపు పెట్టి గుడ్డ కట్టేశా. చాలదా?

చాలదు. 2011 మే 22న మిస్సోరీలోని జాప్లిన్‌ని ఈఎఫ్‌-5 టోర్నడో కొట్టినప్పుడు, గాయాల్లోకి మట్టి, చెక్క పేళ్ళు దిగి 13 మందికి మ్యూకర్ ఫంగస్ సోకింది. వాళ్ళలో 5 గురు చనిపోయారు. కోవిడ్ రోజుల్లో మనం బ్లాక్ ఫంగస్ అని విన్నది ఈ జాతిదే. గాయాన్ని శుభ్రమైన నీళ్ళతో బాగా కడగండి, లోతుగా దిగిన పుల్లని ఇంట్లో లాగకండి, టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే వేయించుకోండి. షుగర్ ఉన్నవాళ్ళు గీరుకుపోయినా సరే డాక్టరుకి చూపించాలి. రెండు మూడు రోజుల తర్వాత గాయం చుట్టూ నల్లబడినా, నొప్పి పెరిగినా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళి, టోర్నడోలో తగిలిందని ప్రత్యేకంగా చెప్పండి.

ఇండియా నుంచి ఫోన్లు ఆగడం లేదు. ఏం చేయాలి?

ఇక్కడ రాత్రి 9 అయ్యేసరికి అక్కడ ఉదయం 7:30. టీవీ పెట్టుకుని కాఫీ తాగే వేళ, స్క్రోలింగ్‌లో "డాలస్ అతలాకుతలం" అని పోతుంటే ఎవరికి టెన్షన్ ఉండదు? కాల్స్ కలవకపోయినా మెసేజ్ వెళ్తుంది. కుటుంబమంతా కలిసి దిగిన ఫోటో ఒకటి, "అందరం క్షేమం, ఛార్జింగ్ తక్కువ, రేపు మాట్లాడతాం" అని ఒక ముక్క. ఊళ్ళో ఒక్కరికి పంపి మిగతావాళ్ళకి వాళ్ళనే చెప్పమనండి. విరిగిన ఇంటి ఫోటోలు ఆ రాత్రి పంపకండి, వాళ్ళకి అక్కడ నిద్ర పట్టదు.

## మొదటి వారం: కరెంటు, తిండి, ఇరుగుపొరుగు

కరెంటు పోయింది. ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి, పెరుగు, కూరలున్నాయి. ఏవి పారేయాలి?

తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ 4 గంటలు ఆగుతుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండింది 24 గంటలు. ఆ తర్వాత పాలు, మాంసం, వండిన కూరలు, అన్నం పారేయాల్సిందే, వాసన బాగుందని నమ్మొద్దు. ఊరగాయలకి ఢోకా లేదు. పిండి విషయంలో మనవాళ్ళు పులిసింది కదా అని వాదిస్తారు, కానీ రోజంతా వేడిలో ఉన్న పిండితో ప్రయోగం చేసే వారం కాదు ఇది. కిటికీ పగిలిన వంటింట్లో మూత తెరిచి ఉన్న బియ్యం, పప్పు, కారం డబ్బాలు కూడా పారేయండి. గాజు నలుసులు, అటకమీది ఇన్సులేషన్ పీచు అందులో కలిసిపోయి కంటికి కనపడవు. పారేసేముందు అన్నీ బయటపెట్టి ఒక ఫోటో తీయండి. పాడైన తిండికి కొన్ని పాలసీలు డబ్బిస్తాయి.

ఎదురింటాయన జనరేటర్ వాడుకోమన్నాడు. ఎలా వాడాలి?

ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం కిటికీల వైపు కాకుండా పెట్టాలి. గ్యారేజ్ తలుపు తెరిచే ఉంది కదా అని లోపల పెట్టడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. గోడ సాకెట్‌కి నేరుగా గుచ్చి ఇల్లంతా వెలిగించే "చిట్కా" ఎవరైనా చెప్తే వినకండి. ఆ కరెంటు వెనక్కి లైన్లోకి పోయి స్తంభమెక్కిన మనిషిని చంపేస్తుంది. మందమైన ఎక్స్‌టెన్షన్ వైరుతో ఫ్రిజ్, ఫోన్లు, ఆక్సిజన్ లేదా సీప్యాప్ (నిద్రలో ఊపిరికి సాయపడే) మెషిన్ వరకు చాలు. తిరిగిచ్చేటప్పుడు పెట్రోలు నింపి ఇవ్వండి, అది అడిగి చెప్పించుకునే మాట కాదు.

పక్క వీధిలో లైట్లు వెలిగాయి, మాకు ఇంకా చీకటే. ఎవరిని అడగాలి?

బిల్లు కట్టించుకునే కంపెనీని కాదు. తీగలు, స్తంభాలు చూసేది వేరే సంస్థ. డాలస్ ప్రాంతంలో ఎక్కువ భాగానికి అది ఆంకార్. ముందు ఆసుపత్రులు, నీటి సరఫరా, ఎక్కువ ఇళ్ళకి వెళ్ళే లైన్లు బాగుచేస్తారు, చివరికి సందులు. ఇంకో కారణం కూడా ఉండొచ్చు: మీ గోడకి ఉన్న మీటరు పెట్టె, పైకి వెళ్ళే గొట్టం వంగిపోతే దాన్ని సరిచేయించాల్సింది మీరే. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ బాగుచేశాకే కరెంటు కలుపుతారు. మొత్తం వీధికి వచ్చి మీకే రాకపోతే ముందు అది చూసుకోండి.

"ఏం కావాలన్నా అడగండి" అని అందరికీ చెప్పాం. ఎవరూ అడగట్లేదు. ఏం చేయాలి?

అడగరు. కప్పు ఎగిరిపోయిన మనిషి దగ్గర ఆ రోజు తనకేం కావాలో ఆలోచించి, మొహమాటం చంపుకుని, మీ తలుపు తట్టే ఓపిక ఉండదు. పైగా అమెరికన్ పొరుగువాళ్ళు మనకంటే మొహమాటస్తులు. ఇన్నేళ్ళూ చెత్తడబ్బా బయటపెట్టేటప్పుడు హాయ్ అనుకోవడమే తప్ప ఇంకో మాట లేని ఇంటికి వెళ్ళి "మాకు చొక్కాలు ఉతికిపెడతారా" అని ఎవరడుగుతారు?

కాబట్టి అడగమనకండి, చెప్పండి. "సాయంత్రం 5కి మీ బట్టల బుట్ట తీసుకెళ్తా, రేపు పొద్దున మడతపెట్టి ఇస్తా." "మా అమ్మాయిని దింపడానికి వెళ్తున్నా, మీవాణ్ణి కూడా ఎక్కించుకుంటా." "రేపు నష్టం చూడ్డానికి మీ ఇన్సూరెన్స్ అడ్జస్టర్ వచ్చేదాకా నేనిక్కడ కూర్చుంటా, మీరెళ్ళి స్నానం చేసి రండి." ఇలా చెప్తే అవునో కాదో ఒక్క మాటతో తేలిపోతుంది. బాగున్న ఇంటివాళ్ళు ఇవ్వగలిగినవాటిలో చాలా విలువైనవి రూపాయి ఖర్చు లేనివి: వేణ్ణీళ్ళ స్నానం, వైఫై, ఛార్జింగ్ ప్లగ్గు, కుక్కని కట్టేసుకునే పెరడు, ఇన్సూరెన్స్ కాల్‌లో గంటసేపు హోల్డ్ మ్యూజిక్ వినే చెవి.

ఇంకో వస్తువు చెప్పాలి. చక్రాలున్న అయస్కాంతపు చీపురు. హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. రోజుకోసారి వీధంతా, డ్రైవ్‌వేలు, గడ్డి మీద తోసుకుంటూ పోతే గుప్పెళ్ళకొద్దీ మేకులు అంటుకొస్తాయి. టైర్లు పంక్చరై పనులు ఆగిపోవడం ఆ వారం అందరికీ ఉండే గొడవే. వీధికి ఒకటి ఉంటే చాలు, ఎవరో ఒకరు తోస్తుంటారు.

వండి పంపుదామనుకుంటున్నాం. అమెరికన్ పొరుగువాళ్ళు మన వంట తింటారా?

తింటారు, ఇష్టంగానే. రెండు మూడు జాగ్రత్తలు చాలు. కారం సగానికి తగ్గించండి. పల్లీలు, జీడిపప్పు వేయకండి. ఎవరికి ఏ అలర్జీ ఉందో తెలియదు, అంబులెన్సులు ఖాళీగా ఉండే వారమూ కాదు. డబ్బా మీద పేరు, అందులో ఏమున్నాయో, వండిన టైము రాసి అంటించండి. నీళ్ళు లేనిచోట చేత్తో తినేది, జిడ్డు అంటేది పంపితే వాళ్ళకి ఇబ్బంది. స్పూన్లు, పేపర్ ప్లేట్లు, తడి టిష్యూలు కూడా పెట్టండి. తిరిగివ్వాల్సిన స్టీలు గిన్నెలో పంపొద్దు, ఆ గిన్నె ఎవరిదో గుర్తుపెట్టుకోవడం వాళ్ళకి ఇంకో బరువు.

నిమ్మకాయ పులిహోర, చపాతీ రోల్స్, వెజిటబుల్ పులావ్, ఉడికించిన బంగాళాదుంప కూర ఎప్పుడూ మిగలవు. పెరుగన్నం మనకి అమృతమే కానీ ఎండలో నిలవదు.

అసలు సమస్య వంట కాదు, రోజు. మొదటి మూడు రోజులు చర్చిలు, రెస్టారెంట్లు, స్వచ్ఛంద సంస్థలు ట్రేల మీద ట్రేలు తెస్తాయి. ఆపరేషన్ బార్బెక్యూ రిలీఫ్ అని ఒకటుంది, 2011 జాప్లిన్ టోర్నడో తర్వాత పుట్టింది. పొగ పెట్టిన మాంసం వేలమందికి వడ్డిస్తారు. వారం తిరిగాక ఎవరూ ఉండరు. మీ వంతు ఆ రెండో వారానికి దాచుకోండి. ఒక ఆన్‌లైన్ షీట్‌లో రోజుకో ఇల్లు పేరు రాసుకుంటే ఒకేరోజు ఐదు పులావులు, మర్నాడు ఏమీ లేకపోవడం ఉండదు. శాకాహారులు సహాయ శిబిరంలో ఉంటే మొదటి పూటే నిర్వాహకులకి చెప్పండి. చెప్పకపోతే సలాడ్, రొట్టెలతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది.

పాత బట్టలు, దుప్పట్లు పోగుచేసి పంపిద్దామా?

వద్దు. ఎవరూ అడగని బట్టల గుట్టలు సర్దడానికే మనుషులు చాలరు, చివరికి అవీ చెత్తలోకే పోతాయి. గిఫ్ట్ కార్డులు, నీలం టార్పాలిన్లు, మందమైన చెత్త సంచులు, మూతలున్న ప్లాస్టిక్ పెట్టెలు, పని గ్లోవ్స్, ఎన్‌95 మాస్కులు ఇవ్వండి. 2019లో డాలస్‌లో ఫారెస్ట్ లేన్ దగ్గరున్న హోమ్ డిపోనే నేలమట్టమైంది. టార్ప్ కొనుక్కోవాల్సిన కొట్టే పోతే జనం ఎంత దూరం పోవాలో ఊహించుకోండి. టాంటెక్స్ వంటి స్థానిక తెలుగు సంఘం సేకరిస్తుంటే ఏం కావాలో వాళ్ళ జాబితా చూసి అదే ఇవ్వండి.

## శుభ్రం చేసేటప్పుడు

చెత్తంతా ఇంటిముందు పోస్తే సిటీవాళ్ళు తీసుకెళ్తారా?

తీసుకెళ్తారు, విడివిడిగా పోస్తేనే. చెట్టు కొమ్మలు ఒక కుప్ప, కప్పు పెంకులు, గోడ ముక్కలు ఒక కుప్ప, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ లాంటివి ఒకటి, ఎలక్ట్రానిక్స్ ఒకటి, పెయింట్లు, పురుగుమందులు, బ్యాటరీలు వేరే. అన్నీ కలిపేసిన కుప్పని వదిలేసి పోతారు. ఫైర్ హైడ్రెంట్, నీళ్ళ మీటరు, పోస్టు డబ్బా దగ్గర పోయకండి. పారేసే ప్రతి వస్తువుకీ ముందు ఫోటో తీయండి. కార్పెట్, చెక్క నేల నుంచి చిన్న ముక్క కోసి సంచిలో దాచుకోండి, ఇన్సూరెన్స్‌వాళ్ళు నాణ్యత అడిగినప్పుడు చూపించొచ్చు. గులాబీరంగు ఇన్సులేషన్ పీచు పడిన బట్టలు వేరేగా ఉతకాలి, లేకపోతే ఇంటిల్లిపాదికీ దురద.

పక్కింటి చెట్టు మా కప్పు మీద పడింది. డబ్బు వాళ్ళివ్వాలా, మేమా?

సాధారణంగా ఎవరి ఇంటికి దెబ్బ తగిలిందో వాళ్ళ ఇన్సూరెన్సే చూస్తుంది. చెట్టు ముందే ఎండిపోయి ఉండి, మీరు రాతపూర్వకంగా హెచ్చరించినా కొట్టించకపోతే మాటే వేరు. ఆరోగ్యంగా ఉన్న చెట్టుని టోర్నడో పెకలిస్తే పొరుగాయన తప్పు లేదు. ఆయనతో గొడవపడి సాధించేదీ లేదు, కోత మిషన్ ఆయన దగ్గరే ఉండొచ్చు కూడా.

చర్చివాళ్ళు పసుపు చొక్కాలతో వచ్చి చెట్టు కోసిపెడతామంటున్నారు. డబ్బులడుగుతారా? మేం హిందువులం, పర్వాలేదా?

పైసా అడగరు, మతం అడగరు. సదరన్ బాప్టిస్టుల విపత్తు సహాయ బృందాలు పసుపు చొక్కాలు, టోపీలతో వస్తాయి. రంపాలు, టార్పులు తెచ్చుకుంటారు, చాలామంది రిటైరైన పెద్దవాళ్ళు, పని బాగా తెలిసినవాళ్ళు. మీ స్థలంలో పని చేయడానికి ఒక అనుమతి కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. పని అయ్యాక ప్రార్థన చేయొచ్చా అని అడగొచ్చు. ఇష్టమైతే నిలబడండి, లేకపోతే థాంక్యూ చెప్పి మంచినీళ్ళివ్వండి, ఎవరూ ఏమీ అనుకోరు. బ్యాప్స్ చారిటీస్, సేవా ఇంటర్నేషనల్, ఇక్నా రిలీఫ్, టీమ్ రూబికాన్ లాంటివాళ్ళూ విపత్తుల్లో పనిచేస్తారు. ఎవరిని పిలవాలో తెలియకపోతే సహాయ సంస్థల వివరాలు చెప్పే 211కి ఫోన్ చేయండి. మీరే వాలంటీరుగా వెళ్తుంటే వచ్చిన టైము, వెళ్ళిన టైము తప్పకుండా రాయించండి. సమాఖ్య ప్రభుత్వం డబ్బిచ్చేటప్పుడు ఊరు పెట్టాల్సిన వాటాలో ఆ గంటలకి విలువ కట్టుకోవచ్చు.

మా పెరట్లో ఎవరివో ఫోటోలు, కాగితాలు పడ్డాయి. ఏం చేయాలి?

పారేయకండి. 2011 ఏప్రిల్‌లో దక్షిణాది రాష్ట్రాల్లో టోర్నడోలు వచ్చినప్పుడు ఫోటోలు 200 మైళ్ళకి పైగా ఎగిరివెళ్ళి దొరికాయి. ఊరి ఫేస్‌బుక్ పేజీలో, గ్రంథాలయంలో సేకరణ పెట్టెలుంటాయి. తడిసి అతుక్కున్న ఫోటోలని విడదీయొద్దు. శుభ్రమైన చల్లటి నీళ్ళలో మెల్లగా కడిగి, బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టండి. తీరిక లేకపోతే సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో పడేయండి, తర్వాత చూసుకోవచ్చు. చెక్కులు, పన్ను కాగితాలు, సోషల్ సెక్యూరిటీ నంబరున్నవి దొరికితే ఆన్‌లైన్లో పెట్టకుండా పోలీసులకివ్వండి.

మీ కాగితాలే ఎగిరిపోయి ఉంటే మీ పేరున ఇంకెవరూ అప్పు తీయకుండా మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ ఫ్రీజ్ పెట్టుకోండి. ఉచితం.

## డబ్బు, ఇన్సూరెన్స్, వీసా

క్లెయిమ్ వేశాం. ఎన్ని రోజులు పడుతుంది? చేతి నుంచి ఎంత పడుతుంది?

టెక్సస్ చట్టం ప్రకారం కంపెనీ 15 రోజుల్లో క్లెయిమ్ అందిందని చెప్పి పని మొదలుపెట్టాలి. అడిగిన కాగితాలన్నీ అందాక 15 పనిదినాల్లో అవుననో కాదనో చెప్పాలి. అవునన్నాక 5 పనిదినాల్లో డబ్బివ్వాలి. పెద్ద విపత్తయితే ఈ గడువులకి ఇంకో 15 రోజులు కలుస్తాయి. అందుకే ఎవరితో, ఏ రోజు, ఏం మాట్లాడారో ఒక నోట్‌బుక్‌లో రాయండి.

చేతి నుంచి పడేది గాలి, వడగళ్ళ డిడక్టిబుల్. అది చాలా పాలసీల్లో రొక్కం అంకె కాదు, ఇంటి కవరేజీలో శాతం. 5 లక్షల డాలర్ల కవరేజీకి 2 శాతమంటే 10,000 డాలర్లు. చాలామందికి ఈ సంగతి ఆ రోజే తెలుస్తుంది. కప్పుకి టార్ప్ కప్పించడం లాంటి తాత్కాలిక పనులు అడ్జస్టర్ కోసం ఆగకుండా చేయించి రసీదులు దాచండి. ఆలస్యం వల్ల వాన నీళ్ళు దిగితే ఆ నష్టం మీ మీదికి నెట్టొచ్చు.

రూఫ్ కాంట్రాక్టరు "డిడక్టిబుల్ మాఫీ చేస్తా, సంతకం పెట్టండి" అంటున్నాడు. పెట్టనా?

పెట్టొద్దు. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో డిడక్టిబుల్ మాఫీ చేయడం నేరం. ఇంకో సంగతి, ఈ రాష్ట్రంలో రూఫర్లకి లైసెన్సు విధానమే లేదు. ఎవరైనా ట్రక్కు మీద స్టిక్కర్ అంటించుకుని రావచ్చు. స్థానిక ఆఫీసు, పాత కస్టమర్ల ఫోన్ నంబర్లు, బీమా పత్రం అడగండి. పని మొదలు కాకముందే మొత్తం డబ్బు అడిగేవాణ్ణి పంపించేయండి. కప్పు వేసే మనిషే మీ తరఫున ఇన్సూరెన్స్‌తో బేరమాడతానంటే అది కూడా చట్టవిరుద్ధమే. ఒక వీధిలో నాలుగు ఇళ్ళు కలిసి ఒకే మంచి కాంట్రాక్టరుతో మాట్లాడుకుంటే ధరా తగ్గుతుంది, మోసగాడు దగ్గరికి రాడు.

అపార్ట్‌మెంట్లో అద్దెకుంటున్నాం. ఉండడానికి వీల్లేదు. అద్దె కట్టాలా?

నివాసానికి పూర్తిగా పనికిరాకుండా పోతే టెక్సస్‌లో మీరైనా, యజమానైనా రాతపూర్వక నోటీసుతో లీజు రద్దు చేసుకోవచ్చు. ఖాళీ చేసిన రోజు నుంచి మిగిలిన అద్దె వెనక్కివ్వాలి, డిపాజిట్ మామూలు నిబంధనల ప్రకారం వస్తుంది. కొంత భాగమే పాడైతే అద్దె తగ్గింపు మాట్లాడుకోవాలి లేదా కోర్టుకెళ్ళాలి, సొంతంగా ఆపేయకండి. మీ సామాను యజమాని ఇన్సూరెన్స్‌లోకి రాదు, మీ రెంటర్స్ పాలసీ ఉంటేనే వస్తుంది.

మాది హెచ్‌-1బీ. ఫెమా సాయం వస్తుందా?

ముందుగా, ఫెమా (సమాఖ్య విపత్తు సహాయ సంస్థ) వ్యక్తిగత సాయం ప్రతి టోర్నడోకీ ఉండదు. అధ్యక్షుడు విపత్తు ప్రకటించి, అందులో మీ కౌంటీ ఉండాలి. నగదు సాయానికి పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు, ఇంకొన్ని వర్గాలు అర్హులు. హెచ్‌-1బీ, హెచ్‌-4, ఎఫ్‌-1 వాళ్ళు సొంతంగా కారు. అయితే మీతో ఉండే పిల్లలు అమెరికాలో పుట్టి, సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంటే వాళ్ళ పేరున కుటుంబం దరఖాస్తు చేయొచ్చు. మనవాళ్ళలో చాలామంది ఈ సంగతి తెలియక వదిలేస్తున్నారు. ఫోన్ 1-800-621-3362. శిబిరం, తిండి, నీళ్ళు, కౌన్సెలింగ్ లాంటివాటికి వీసా అడ్డు కాదు.

పాస్‌పోర్టులు, ఐ-797 (వీసా ఆమోద) కాగితాలు పోయాయి. వేరే ఇంట్లో ఉంటున్నాం. ఏమైనా సమస్యా?

ఐ-94ని (దేశంలోకి వచ్చిన రికార్డు) కస్టమ్స్ వెబ్‌సైట్ నుంచి వెంటనే దింపుకోవచ్చు. ఐ-797 కాపీ కంపెనీ లాయరు దగ్గర ఉంటుంది. భారత పాస్‌పోర్టుకి పోలీసు రిపోర్టు తీసుకుని, కాన్సులేట్ తరఫున దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ ద్వారా దరఖాస్తు చేయాలి. ఇల్లు మారితే 10 రోజుల్లో ఏఆర్‌-11 అనే ఫారం ద్వారా కొత్త చిరునామా చెప్పడం వీసాదారుల బాధ్యత. గ్రీన్‌కార్డువాళ్ళకీ వర్తిస్తుంది. ఇంటి నుంచి పనిచేసే హెచ్‌-1బీ వాళ్ళు వేరే ఊళ్ళో బంధువుల దగ్గరికి మారేముందు కంపెనీ లాయరుకి ఒక మెయిల్ పెట్టండి. మెట్రో ప్రాంతం మారితే కొత్త పత్రాలు అవసరం కావచ్చు. పోస్టాఫీసులో ఉత్తరాల మళ్ళింపు పెట్టడం మర్చిపోకండి, చెక్కులు అందులోనే వస్తాయి.

స్నేహితుల ఇంట్లో ఉంటున్నాం. ఎన్నాళ్ళుంటే బాగుంటుంది?

మొదటి రోజే ఒక తేదీ చెప్పుకోండి, ఇరువైపులా ఊపిరి ఆడుతుంది. ఇంటి పాలసీలో అదనపు జీవన ఖర్చుల కవరేజీ ఉంటే హోటలు, అద్దె ఇల్లు, బయట తిండికి అయ్యే అదనపు ఖర్చు కంపెనీ ఇస్తుంది. చాలామంది దాన్ని అడగనే అడగరు. పిల్లలున్న రెండు కుటుంబాలు ఒకే వంటింట్లో నెల తిరిగేసరికి ఎంత మంచి స్నేహమైనా పల్చబడుతుంది.

## పిల్లలు, పెద్దవాళ్ళు

సైరన్ వినిపిస్తే చాలు, మా బాబు బాత్రూమ్‌లోకి పరిగెత్తి ఏడుస్తున్నాడు.

డాలస్‌లో ప్రతి నెలా మొదటి బుధవారం మధ్యాహ్నం 12కి సైరన్లు పరీక్షిస్తారు. మీ ఊరి టైము తెలుసుకుని ముందురోజే చెప్పండి: "రేపు మోగుతుంది, ఉత్తుత్తిదే." టీచరుకి కూడా చెప్పి ఉంచండి. నిజంగా వచ్చినప్పుడు పట్టుకెళ్ళే సంచి వాడితోనే సర్దించండి. బూట్లు, హెల్మెట్, టార్చి, ఇష్టమైన బొమ్మ. చేయడానికి ఒక పని ఉంటే పిల్లలకి సగం భయం పోతుంది. "ఏం కాదు, ఏం కాదు" అని కొట్టిపారేయకండి, వాడు కళ్ళారా చూశాడు. రెండు నెలలు దాటినా నిద్రపట్టకపోతే స్కూల్ కౌన్సెలర్‌ని కలవండి.

బడి కూలిపోయింది. మేమూ దూరంగా మారాం. పాత బడిలోనే కొనసాగొచ్చా?

ఇల్లు పోయి తాత్కాలికంగా ఎక్కడో ఉంటున్న పిల్లలకి మెకిన్నీ-వెంటో చట్టం కింద పాత బడిలోనే చదివే హక్కు, రవాణా సౌకర్యం ఉన్నాయి. బడిలో ఆ వ్యవహారం చూసే అధికారి ఉంటారు, అడగండి. భవనం పోతే బడులు ఖాళీ భవనాల్లోకి మారతాయి. 2019లో డాలస్ థామస్ జెఫర్సన్ హైస్కూలు పిల్లలు ఎడిసన్ భవనంలో చదివారు. జాప్లిన్‌లో 11, 12 తరగతులు ఆ ఆగస్టులో అనుకున్న రోజుకే ఒక షాపింగ్ మాల్‌లో మొదలయ్యాయి.

అమ్మానాన్న విజిటర్ వీసా మీద ఉన్నారు. వాళ్ళ మందులు శిథిలాల్లో పోయాయి.

బీపీ, షుగర్ మందులు ఒక్క రోజు కూడా ఆపొద్దు. ఇండియా డాక్టరు చీటీ ఇక్కడ చెల్లదు. డబ్బాల ఫోటోలు, పాత చీటీ వాట్సాప్‌లో తెప్పించుకుని అర్జెంట్ కేర్‌కి వెళ్తే అదే మందు ఇక్కడి పేరుతో రాసిస్తారు. తెలుగు డాక్టర్లు ప్రతి ఊళ్ళో ఉన్నారు, గ్రూపులో అడిగితే గంటలో ఎవరో ఒకరు పలుకుతారు. పగలంతా వాళ్ళిద్దరినీ ఆ ఇంట్లో వదిలి ఆఫీసుకెళ్ళకండి. పొరుగింట్లో ఎవరున్నారో పరిచయం చేయండి. ఇంగ్లీషు రాకపోయినా పెద్దవాళ్ళు పెద్దవాళ్ళతో కలిసిపోతారు, కొంతమంది శిబిరాల్లో బట్టలు మడతపెట్టే పని సంతోషంగా చేస్తారు.

## నెలలు గడిచాక

అందరి ఇళ్ళూ అయిపోయాయి. మాది ఇంకా టార్ప్ కిందే ఉంది. ఎందుకిలా?

చాలాసార్లు డబ్బు లోన్ కంపెనీ దగ్గర ఆగి ఉంటుంది. ఇన్సూరెన్స్ చెక్కు మీ పేరుతోపాటు వాళ్ళ పేరున కూడా వస్తుంది. వాళ్ళు దాన్ని ఉంచుకుని, పని కొంత అయ్యాక తనిఖీ చేసి, విడతలుగా వదులుతారు. వాళ్ళ లాస్ డ్రాఫ్ట్ విభాగానికి వారానికోసారి ఫోన్ చేయాల్సిందే. ఈలోపు నెలవారీ వాయిదా ఆపకూడదు. కష్టంగా ఉంటే ముందే మాట్లాడి వెసులుబాటు అడగండి. ఇంకో మెలిక: ఇన్సూరెన్స్ కంపెనీ ముందు, పాతబడినందుకు తరుగు తీసేసి ఇస్తుంది, పని పూర్తిచేసి బిల్లులు చూపిస్తేనే మిగతాది వస్తుంది. దానికి పాలసీలో గడువుంటుంది, చాలాచోట్ల ఏడాది. ఆ తేదీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి.

ఇల్లు బాగున్నవాళ్ళకి ఒక మాట. ఆరో నెలలో "ఇంకా అవలేదా?" అని అడగడం మానేసి, పెయింటు రంగు ఎంచుకోవడానికి తోడు వెళ్ళండి.

షెల్టరు కట్టించుకోవాలా? పక్కింటివాళ్ళది వాడుకోవచ్చా?

డాలస్ ఇళ్ళకి బేస్‌మెంట్లు అరుదు. అందుకే కింది అంతస్తులో కిటికీ లేని లోపలి గది, మెట్ల కింద అర, బాత్రూమ్ అంటారు. కారు మాత్రం ఆశ్రయం కాదు. 2015 డిసెంబరు 26 రాత్రి గార్లండ్‌లో చనిపోయిన 10 మందిలో ఎక్కువమంది హైవే మీద కార్లలో ఉన్నవాళ్ళే. గ్యారేజ్ నేలలో దింపే ఉక్కు పెట్టె లేదా ఇంట్లో బిగించే సేఫ్ రూమ్ పెట్టించుకుంటే ఫెమా ప్రమాణం ప్రకారం గంటకి 250 మైళ్ళ గాలికి పరీక్షించింది చూసుకోండి. మూత మీద శిథిలాలు పడితే లోపలివాళ్ళు బయటికి రాలేరు. కాబట్టి మీ ఊళ్ళో షెల్టర్ల నమోదు ఉంటే అగ్నిమాపక శాఖకి చెప్పండి, లేకపోతే కనీసం రెండు పక్కిళ్ళవాళ్ళకి అది ఎక్కడుందో చూపించండి. వీధిలో ఒకరికే ఉంటే ఎంతమంది పడతారో, గ్యారేజ్ కోడ్ ఎవరెవరికి తెలియాలో, కుక్కని తేవచ్చో లేదో ఎండ కాసే రోజున మాట్లాడుకోండి.